హద్దురాయి దగ్గర గొంతు

పొద్దుగూకాక ఆ రాయి దగ్గర మాత్రం ఆగకండి... డన్‌స్టెడ్‌లో ఇల్లు కొనుక్కుని కొత్తగా దిగినవాళ్ళకి ఎవరైనా మొదట చెప్పే మాట ఇదే. చెత్త బండి ఏ రోజు వస్తుందో తర్వాత చెబుతారు.

రాయంటే పెద్ద రాయేం కాదు. నడుమెత్తు ఉంటుంది. పాత బండ్లదారి మీద, వాగు ఒడ్డున, మా డన్‌స్టెడ్‌కీ అవతలి హేవర్లీకీ హద్దు అది. వాగు మీద వంతెన ఒక పక్కకి కుంగిపోయాక కార్లు ఆ దారి మానేశాయి. మనుషులు అంతకు ముందే మానేశారు.

అక్కడ ఒక ఆడగొంతు వినిపిస్తుంది. చలి మొదలయ్యే రోజుల్లో ఎక్కువ. అరవదు... ఏడవదు... అడుగుతుంది.

"రానిస్తావా?"

అంతే. ఇంకేం అనదు.

కరెంటు స్తంభాలెక్కే ఒకతను విన్నాడు. నిచ్చెన అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడ్డాడు. మర్నాడు పట్టపగలు ఆ నిచ్చెన తెచ్చుకోవడానికి కూడా తోడు కావాలన్నాడు. లేళ్ళ వేటకి వెళ్ళిన అన్నదమ్ములిద్దరు విన్నారు. తమ్ముడు కాస్త ధైర్యం చేసి "ఎవరది?" అన్నాడట. జవాబు రాలేదు గానీ, ఇంటిదాకా వెనకాల ఎవరో నడిచి వస్తున్నట్టే ఉందట... గుమ్మం ముందు ఆగిపోయిందట.

అందుకే మా ఊళ్ళో ఒక అలవాటు. తప్పనిసరై ఆ రాయి దాటాల్సి వస్తే, తల పక్కకి తిప్పకుండా, "రా తల్లీ, లోపలికి రా" అని గొణుక్కుని దాటిపోవాలి. ఆదివారం చర్చి తప్పనివాళ్ళూ గొణుగుతారు, దేవుడే లేడనేవాళ్ళూ గొణుగుతారు. ఎందుకు అనాలో ఎవరికీ తెలీదు. పెద్దవాళ్ళు అన్నారు కాబట్టి మేమూ అంటాం.

అనని మనిషి ఒకడే ఉండేవాడు. ఎల్డన్ ట్రాస్క్. ఇది ఆయన కథ. ఆయన అక్కగారు వర్నా చెప్పగా విన్నాను, విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఎల్డన్ బీమా కంపెనీలో చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది. ఊరి వ్యవహారాలు చూసే ముగ్గురు పెద్దల్లో ఒకడు. కొన్నేళ్ళకోసారి ఊరి పెద్దలు హద్దు వెంబడి నడిచి, ప్రతి రాయి మీదా ఆ ఏడాది అంకె రంగుతో వెయ్యాలని మా మాసచూసెట్స్ రాష్ట్రంలో పాత కట్టడి ఉంది. ఆ రాయి వంతు మిట్టమధ్యాహ్నం వచ్చేలా చూసుకుంటారు అందరూ. క్రితంసారి మిగతా ఇద్దరూ నోట్లో నోట్లో గొణుక్కుంటుంటే ఎల్డన్ వాళ్ళని ఆట పట్టించాడు.

"రాయికి వణికేవాళ్ళు ఊరినేం కాపాడతారయ్యా?" అన్నాడు. "ఒబడయా లస్కమ్ చూస్తే నవ్వుతాడు."

ఒబడయా లస్కమ్ అంటే మా ఊరు పెట్టిన మనిషి. ఇంగ్లండులోని డెవన్ నుంచి ఓడెక్కి వచ్చి, ఈ రాళ్ళూ రప్పలూ ఏరి, పొలాలు చేసి, ఊరికి పేరు పెట్టినవాడు. ఎల్డన్ నోట రోజుకి పదిసార్లైనా ఆ పేరు దొర్లేది. ఎందుకంటే ఆయన తమ వంశానికి మూలపురుషుడని ఎల్డన్ నమ్మకం. నమ్మకమే... ఋజువు లేదు.

అసలు ట్రాస్కులది హేవర్లీ. తోళ్ళు పదును చేసే పని చేసుకు బతికినవాళ్ళు. ఎల్డన్ తండ్రి వాగు దాటి ఇటొచ్చి ఇల్లు కట్టుకున్నా, లస్కమ్‌లూ వాళ్ళ చుట్టాలూ "వాగవతలి ట్రాస్కులు" అనే అనేవాళ్ళు. బళ్ళో ఆ మాట పడ్డ పిల్లాడు ముసలివాడయ్యాడు గానీ ఆ మంట చల్లారలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవులన్నీ పాత దస్త్రాలున్న గదుల్లోనే గడిపాడు. డెవన్‌లో పాతకాలపు చర్చికి వెళ్ళి, ఒబడయా బాప్తిస్మం తీసుకున్న రాతి తొట్టిని ముట్టుకుని మరీ వచ్చాడు.

"నీకు బతికున్న చుట్టాలెవరూ నచ్చరు ఎల్డన్," అనేది భార్య నోరీన్, బతికున్న రోజుల్లో. "అందుకే చచ్చినవాళ్ళని వెతుక్కుంటున్నావు."

చిక్కంతా ఒక్కచోట. ఒబడయాకి సైలెన్స్ అని ఒక కూతురు. ఆమె హేవర్లీకి చెందిన జోనాస్ ట్రాస్క్‌ని చేసుకుందని ట్రాస్కుల ఇళ్ళలో అనుకునే మాట. లస్కమ్‌లు మాత్రం, ఆ పిల్ల పెళ్ళి కాకుండానే పోయిందనేవాళ్ళు. ఆ ముడి విడితే ఎల్డన్ ఒబడయా వంశంవాడు. విడకపోతే వాగవతలివాడే.

ఆ ఏడు నవంబరులో ఊరి పుట్టినరోజు పండగ తలపెట్టారు. సభాభవనం ముందు ఒబడయాకి పెద్ద రాతి ఫలకం. ఒబడయా వేషం కట్టి దాని మీది గుడ్డ తొలగించేది వంశంవాడే కావాలి. లస్కమ్‌లలో ఆ ఓపిక ఉన్నవాడు లేకపోయాడు. కమిటీ పెద్దావిడ ఎల్డన్‌ని పిలిచి చెప్పింది.

"నువ్వే వెయ్యి. నాకు అభ్యంతరం లేదు. సైలెన్స్ సమాధి హేవర్లీలో ఉందంటావుగా, దాని ఫొటో ఒకటి తెచ్చి చూపించు చాలు."

ఎల్డన్ గాల్లో తేలిపోయాడు. నల్లటి ఉన్ని పైఅంగీ, పొడుగు టోపీ కుట్టించుకున్నాడు. అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లించుకున్నాడు. అందులో ఒక వాక్యం ఆయనకి మరీ ఇష్టం... "చట్టం ముందు తన, పర అని చూడని మనిషి ఒబడయా లస్కమ్."

ఇక్కడ కెండ్రా సంగతి చెప్పాలి.

కెండ్రా ఎల్డన్‌కి ఒక్కతే కూతురు. దూరాన ఎక్కడో కాపురం. ఆ వేసవిలో ఆమె భర్త లారీ ప్రమాదంలో పోయాడు. ఇల్లు అద్దెది, ఖాళీ చెయ్యమన్నారు. ఐదేళ్ళ కూతురు మేజీని వెంటబెట్టుకుని, ఉన్న నాలుగు సామాన్లూ కారు వెనక తగిలించుకునే, మనుషులు ఉండగల ట్రైలర్ బండిలో వేసుకుని తండ్రి దగ్గరికి వచ్చింది. బండి పెరట్లో నిలుపుకుంది.

ఇంట్లోకి ఎందుకు రాలేదంటే... ఆమె గది ఖాళీ లేదు.

"ఒరేయ్ ఎల్డన్, ఆ పిల్ల గదిలో ఎవరుంటున్నార్రా?" అని అడిగింది వర్నా.

"కాగితాలక్కా. తరాల వరసన పేర్చి పెట్టాను. ఇప్పుడు కదిపితే మళ్ళీ కుదరదు. పండగ కానీ, తీసేస్తాను."

"చచ్చిన లస్కమ్‌లకి మంచమూ, బతికున్న కూతురికి చక్రాల బండీనా?"

"నువ్వూరుకో అక్కా. ఆ బండి బాగానే ఉంటుంది లోపల."

వర్నా తనతో ఉంచుకునేదే. కానీ ఆమె ఉండేది ముసలివాళ్ళ కోసం కట్టిన ఇళ్ళలో. చుట్టాలు రాత్రి పడుకోకూడదని అక్కడ నిబంధన.

చక్రాల బండిలో ఎవరూ కాపురముండకూడదని మా ఊళ్ళోనూ ఒక నిబంధన ఉంది. బయటివాళ్ళొచ్చి చేరకుండా దాన్ని పట్టుబట్టి పెట్టించింది ఎల్డనే. ఆకులు రాలే వేళకి ఎవరో ఫిర్యాదు చేశారు... ఊరి పెద్ద పెరట్లోనే బండి నిలిపి కాపురమేమిటని. మిగతా ఇద్దరు పెద్దలూ చూసీచూడనట్టు పోదామన్నారు. ఎల్డన్ ఒప్పుకోలేదు. పండగ ముందు తన మీద మాట రాకూడదు. నోటీసు తనే సంతకం పెట్టి, తనే తీసుకెళ్ళి బండి తలుపుకి అంటించాడు. ఇంకెవడో అంటించడం కంటే అదే మర్యాద అనుకున్నాడు.

కెండ్రా బయటికొచ్చి చదువుకుంది. ఏమైనా అంటుందేమోనని చూశాడు.

"సరే నాన్నా," అంది.

మర్నాడే బండి తగిలించుకుని హేవర్లీ వైపు వెళ్ళిపోయింది. అక్కడ వాగు పక్కన డబ్బు కట్టి ట్రైలర్లు నిలుపుకునే మైదానం ఒకటుంది. వెళుతున్న కారు వెనక అద్దంలోంచి మేజీ చెయ్యి ఊపింది. ఎల్డన్ కూడా ఊపాడు. ఆ తర్వాత ఫోన్ చెయ్యాలని రోజూ అనుకున్నాడు. చెయ్యి ఫోన్ దాకా పోయేది, మొహం చెల్లక వెనక్కి వచ్చేది. పండగ అయ్యాక గది ఖాళీ చేసి నేనే వెళ్ళి తీసుకొస్తాను అని తనకి తాను సర్దిచెప్పుకునేవాడు.

పండగ రేపనగా, మధ్యాహ్నం సభాభవనంలో వేషాలతో ఒకసారి అంతా చేసి చూసుకున్నారు. ఫోన్లు మోగకుండా కట్టేయమన్నారు. ఎల్డన్ కట్టేసి మళ్ళీ తెరవడం మరిచిపోయాడు. అయిపోయాక పైఅంగీ, టోపీ విప్పబుద్ధి కాలేదు. వెచ్చగా ఉంది. కొంచెం గొప్పగానూ ఉంది. అలాగే, ఒక అద్దం ముక్క సంచిలో వేసుకుని పాత దారిన హేవర్లీ శ్మశానానికి నడిచాడు.

అద్దం ఎందుకంటే, పాత సమాధి రాళ్ళ మీది అక్షరాలు ఎదురు వెలుగులో కనబడవు. పొద్దు వాలాక, అద్దంతో ఎండని పక్కనుంచి రాతి మీదికి కొట్టాలి. అప్పుడు అరిగిన గీతలో కూడా నీడ పడి అక్షరం పైకి లేస్తుంది. వంశాలు వెతికేవాళ్ళందరికీ తెలిసిన కిటుకే ఇది. ఇన్నాళ్ళూ సైలెన్స్‌దని చెప్పుకునే సమాధి రాయికి ఎండ తగలకుండా చెట్టు కొమ్మలు అడ్డం ఉండేవి. మొన్న గాలివానకి చెట్టు పడిపోయింది.

మోకాళ్ళ మీద కూర్చుని అద్దం వంచాడు. వెలుగు జారి రాతి మీద పడింది...

*జోనాస్ ట్రాస్క్ విధవ, డన్‌స్టెడ్ ఒబడయా లస్కమ్ కుమార్తె, సైలెన్స్ ఇక్కడ నిద్రించుచున్నది.*

ఎల్డన్‌కి కళ్ళు చెమర్చాయి. తండ్రి గుర్తొచ్చాడు. బళ్ళో మాట పడ్డ రోజు గుర్తొచ్చింది. ఫొటో తీశాడు.

అప్పుడు చూశాడు, రాయి అక్కడితో అయిపోలేదని. పాత రాళ్ళు ఏటికేడు నేలలోకి దిగుతాయి. గడ్డి కింద ఇంకా అక్షరాలున్నాయి. ఇంకేం గొప్ప సంగతి దొరుకుతుందోనని, వేళ్ళతో గడ్డిగడ్డని పెకిలించి, మట్టి తుడిచి, అద్దం మళ్ళీ వంచాడు.

*తండ్రి తన చేతులతో హద్దు దాటించెను. మంచులో రాత్రంతయు రాయి వద్ద నిలిచి రానిమ్మని అడిగెను. తెల్లవారి మేము తెచ్చుకొంటిమి. బిడ్డ దక్కినది. హేవర్లీ ప్రజలు నిలిపిన రాయి.*



ఆనాటి కట్టడి ఎల్డన్‌కి కంఠతా వచ్చు. పెళ్ళైన ఆడది మొగుడి ఊరి మనిషి. మొగుడు పోయినా ఆ ఊరి మనిషే. పుట్టినూరికి వచ్చి ఉంటే ఆమె తిండీ బట్టా ఊరి మీద పడుతుంది. అందుకని ఊరి కాన్‌స్టేబుల్ వెళ్ళి, వెళ్ళిపొమ్మని చెప్పాలి. వెళ్ళకపోతే హద్దు దాకా తీసుకెళ్ళి వదిలిపెట్టాలి. ఒబడయా కాన్‌స్టేబుల్‌గా చేశాడనీ తెలుసు. అది ఉపన్యాసంలో రాసుకున్నాడు కూడా... చట్టం ముందు తన, పర అని చూడని మనిషని.

మొగుడు పోయిన కూతురు. చంకలో బిడ్డ. నవంబరు చలి.

ఒంటి మీది పైఅంగీ ఒక్కసారిగా బరువెక్కింది. చుట్టూ చూశాడు. శ్మశానంలో ఎవరూ లేరు. అయినా ఎవరో చూసేసినట్టు చెవులు వేడెక్కాయి.

అప్పుడు ఆయన చేసిన పని ఇది... పెకిలించిన గడ్డిని తీసి యథాప్రకారం రాతి అడుగున కప్పాడు. బూటుకాలితో తొక్కి, తొక్కి, చదును చేశాడు. పై సగం ఫొటో ఉందిగా. అది చాలన్నారుగా. అదే చూపిద్దాం అనుకున్నాడు.

తిరుగుదారి పట్టేసరికి చీకటి పడిపోయింది. నవంబరులో మాకు సాయంత్రమనేది ఉండదు. ఎండ పోతుంది, వెంటనే రాత్రి వస్తుంది. సన్నగా మంచువాన మొదలైంది. టార్చిలైటు వేసుకుని వేగంగా నడుస్తున్నాడు. అడుగు వేసినప్పుడల్లా, గడ్డిని తొక్కిన మెత్తదనం అరికాలికి తగులుతున్నట్టే ఉంది.

కుంగిన వంతెన మీద ఒక పక్కగా, కమ్మీ పట్టుకుని వాగు దాటాడు. నీళ్ళ హోరు. గాలి హోరు. ఎదురుగా హద్దురాయి...

రాయి పక్కన ఏదో ఉంది.

తెల్లగా. మనిషెత్తు. రాయికి ఇటువైపు, హేవర్లీ వైపే నిలబడి ఉంది. కదలడం లేదు.

ఎల్డన్ ఆగిపోయాడు. చెట్టు మొద్దు... మంచు పట్టిన పొద... అనుకోబోయాడు. అది ఇటు తిరిగింది.

ఆడమనిషి. తల మీదుగా తెల్లటి ముసుగు. రొమ్ముకి హత్తుకుని... ఒక బిడ్డ.

టార్చి వెలుగు ఒక్క క్షణం ఆ మొహం మీద పడింది. నీలం తిరిగిన పెదవులు. చెంపలకి అంటుకుపోయిన జుట్టు. ఎల్డన్‌ని కొయ్యబారేలా చేసింది అది కాదు. ఆ మొహం ఎరిగిన మొహం. ఆ కళ్ళు, ఆ గడ్డం... తమ ఇంటి పోలిక.

"నాన్నా..."

గొంతు బొంగురుగా ఉంది. నీళ్ళ హోరులో అంతంతమాత్రంగా వినిపించింది.

"ఈ ఒక్క రాత్రికి... ఇంటికి రానిస్తావా?"

ఎల్డన్ నోరు తెరిచాడు. ఊళ్ళో పిల్లాడికి కూడా తెలిసిన ఆ నాలుగు మాటలూ అంటే సరిపోయేది. అనలేకపోయాడు. తన మీద పైఅంగీ ఉంది. తల మీద ఆ టోపీ ఉంది. ఆమె తననే తండ్రి అనుకుంటోంది... ఆమె రాతని మట్టిలో తొక్కి ఇప్పుడే వస్తున్నాడు తను.

ఇంటికి వెళ్ళాలంటే ఆమె పక్కనుంచే వెళ్ళాలి.

కళ్ళు గట్టిగా మూసుకుని పరుగెత్తాడు. దాటుతుంటే చలిచలిగా వేళ్ళు పైఅంగీ కొసని పట్టుకున్నాయి. విదిలించుకున్నాడు. గుడ్డ చిరిగిన చప్పుడు. వెనకనుంచి మళ్ళీ ఆ గొంతు. ఈసారి అడగలేదు. ఊరికే పిలిచింది.

"నాన్నా..."

ఎల్డన్ వెనక్కి తిరగలేదు.

ఇల్లు చేరి తలుపు గడియ పెట్టాడు. దీపం వెయ్యలేదు. మెట్లెక్కి కెండ్రా గదిలో తలుపు మూసుకుని, మంచం మీద కాగితాలు ఒక వారకి నెట్టి కూర్చున్నాడు.  కింద గుమ్మం ముందు ఎవరో వచ్చి ఆగినట్టు అనిపించింది... చెవి ఒగ్గి వింటూ కూర్చున్నాడు. ఎవరూ తలుపు తట్టలేదు.

రేపు సభలో కింది సగం కూడా చదివేస్తాను, ఉపన్యాసం చింపేస్తాను అని మొక్కుకున్నాడు. ఆ మొక్కు తెల్లారేదాకా నిలబడింది. కిటికీలో వెలుగు రాగానే భయం సగానికి తగ్గింది. తగ్గేకొద్దీ వేరే ఆలోచనలు వచ్చాయి. అందరూ వస్తారు. లస్కమ్‌లు ముందు వరసలో కూర్చుంటారు. ఊరి పుట్టినరోజున ఊరి పరువు తియ్యడం దేనికి? ఫొటో బాగానే వచ్చింది... అలా అనుకుంటున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా అనుకోవడం మానలేదు.

అప్పుడు తలుపు దబదబా మోగింది. వర్నా.

"ఫోన్ ఎందుకు కట్టేశావురా?" అంది లోపలికి వస్తూనే. "రాత్రి ఎంతమంది చేశారో చూసుకో."

"ఏమైందక్కా?"

"కెండ్రా వాళ్ళు హేవర్లీ చర్చి హాల్లో ఉన్నారు. పాస్టరు గారి భార్య పొద్దున్నే నాకు ఫోన్ చేసి చెప్పింది. చలికాలం వచ్చిందని ఆ మైదానంవాళ్ళు నీళ్ళూ కరెంటూ తీసేశార్ట. బండిలో గ్యాసు అయిపోయింది, కారు కదల్లేదు. పసిదానికి ఒళ్ళు కాలిపోతోందట."



"ఇక్కడికి రావచ్చుగా మరి," అన్నాడు. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు.

వర్నా ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏ గదిలోకి రమ్మంటావు?" అంది.

ఎల్డన్ ఫోన్ తెరిచి జేబులో వేసుకుని, పాత కోటు తొడుక్కుని, రోడ్డు దారిన కారు తోలుకుంటూ హేవర్లీ వెళ్ళాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. కమిటీవాళ్ళు. తియ్యలేదు.

చర్చి కింద హాల్లో మడత మంచాలు వేసి ఉన్నాయి. కాఫీ కాగుతున్న వాసన. ఒక మంచం మీద దుప్పట్లో మేజీ కూర్చుని ఉంది. బుగ్గలు జ్వరంతో ఎర్రబడ్డాయి గానీ, కళ్ళు మెరుస్తున్నాయి. తాతని చూడగానే పక్కన చోటిచ్చింది. కెండ్రా అవతల పొయ్యి దగ్గర పాలు వేడి చేస్తోంది. ఇటు చూసి మళ్ళీ గిన్నె వైపు తిరిగింది.

"తాతయ్యా," అంది మేజీ గుసగుసగా, "నీకో సంగతి చెప్పనా? మేం దెయ్యాన్ని చూశాం."

ఎల్డన్ దగ్గరికి వంగాడు. "ఎక్కడమ్మా?" అన్నాడు. అంటే వీళ్ళకి కూడా కనబడిందన్నమాట... ఒక్క క్షణం, ఆ మాటకి ఆయనకి ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను.

"రాయి దగ్గర. మేం మీ ఇంటికొస్తున్నాం కదా. నాకు జ్వరం కదా, అమ్మ దుప్పటి కప్పి ఎత్తుకుంది. అక్కడిదాకా వచ్చి అమ్మ ఆగిపోయింది. వెళ్దామా వద్దా అని ఆలోచిస్తోంది. అప్పుడొచ్చింది... దెయ్యం."

"ఎలా ఉంది?"

"ఇంత పొడుగు టోపీ. నల్ల రెక్కలు. చేతిలో లైటు." మేజీ దుప్పటి రెండు చేతులతో రెక్కల్లా ఎత్తి చూపించింది. "మా మీద లైటు వేసింది. అమ్మ దాంతో మాట్లాడింది. రెక్క కూడా పట్టుకుంది. అదేమో విదిలించుకుని పరుగో పరుగు."



"నాకేం భయం వెయ్యలేదు," అంది మేజీ. "అదే మాకు భయపడింది. తర్వాత అమ్మ వెనక్కి తిరిగి ఇక్కడికి నడిచొచ్చేసింది. దారంతా ఏడిచింది."

కెండ్రా పాల గ్లాసు తెచ్చి పిల్ల చేతికిచ్చింది. ఆమె గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"ఊదుకుంటూ తాగు," అంది.

ఎల్డన్ తలెత్తి కూతురి మొహం చూశాడు. ఆ కళ్ళు, ఆ గడ్డం. మూడు వందల ఏళ్ళ కిందటి మనిషని తనకి తాను నచ్చజెప్పుకున్న మొహం. నిజానికి ఆ క్షణంలోనే ఎక్కడో తెలిసిందనీ, తెలిసే కళ్ళు మూసుకున్నాడనీ ఆయనకి ఇప్పుడు అర్థమవుతోంది. అర్థమై, తల కొట్టేసినట్టయింది.

"నేను... గుర్తుపట్టలేదమ్మా," అన్నాడు.

"మొహం మీదే లైటు వేశావు నాన్నా," అంది కెండ్రా. కోపంగా కూడా అనలేదు.

ఆయన మంచం మీంచి లేచాడు. 

"ఇంటికి వెళ్దాం పద," అన్నాడు. "గదిలో కాగితాలన్నీ ఇవాళే తగలేస్తాను. నీ మంచం మీద పిల్లని పడుకోబెట్టు. నలుగురూ ఏమనుకున్నా సరే. పద తల్లీ."

కెండ్రా కదల్లేదు. మేజీ మూతికంటిన పాల మీగడని బొటనవేలితో తుడిచింది. తుడుస్తూ, పిల్లకి వినబడకుండా, తండ్రి వైపు చూడకుండా అంది.

"దారి పొడుగునా అడుగుతూనే ఉంది నాన్నా, అదెవరమ్మా, అదెవరమ్మా అని. దెయ్యమని చెప్పాను. మీ తాతయ్య అని చెప్పడానికి నాకు సిగ్గేసింది."